తాబేటి గీతలు – పేర్ల మర్యాదలు



మన అనంతపురపు సీమలో ఊరిపేరు విన్నంతమాత్రముననే ఆ ఊరి సంగతి సగము తెలియును. పేరు "సముద్రము" అని ముగిసెనా, అక్కడ పెద్ద చెరువు కలదు. విజయనగరమునేలిన బుక్కరాయల పేర వెలసిన బుక్కరాయసముద్రము మన శింగనమలకు పొరుగుననే యున్నది. "దుర్గము" అని ముగిసెనా, కోట కలదు. రాయదుర్గము, కళ్యాణదుర్గము అట్టివి. "కుంట" యన్నచో చిన్న నీటిపట్టు, "పల్లి" యన్నచో నాలుగు ఇండ్లు. పేరునందలి మొదటి భాగము అది ఎవరిదో చెప్పును. చివరి భాగము అది ఏ జాతిదో చెప్పును. ఈ పద్ధతిని ఏ ప్రభువును రాతిమీద చెక్కింపలేదు. ఐనను బాటసారి దీనిని నమ్మి నడచును. ఎండవేళ దప్పిగొన్నవాడు సముద్రమువైపు మరలును గాని దుర్గమువైపు మరలడు.

నేడు నేను చెప్పబోవునది కంప్యూటరుచేత బొమ్మలు గీయించు విద్యలో పేర్లు పెట్టు పద్ధతిని గూర్చి. విషయము మీకు దూరమైనదిగా తోచవచ్చును. కాని మీ మనుమలు, మనుమరాండ్రు పాఠశాలలయందు నేర్చుచున్నది ఇదియే. అంతేకాక, ఈ విద్యలో నేను చేసిన ఒక తప్పును పట్టుకొన్నది కంప్యూటరు నెరిగిన పండితుడు కాదు. జీవితమంతయు చెరువుకట్టమీద నీరుగంటి పని చేసిన ఒక వృద్ధుడు.

గడచిన వేసవి సెలవులలో శింగనమలకు సమీపముననున్న ఒక ఊరి పిల్లలు కొందరు నాయొద్ద ఈ బొమ్మల విద్య నేర్చుకొనుటకు వచ్చుచుండిరి. శింగనమల శ్రీరంగరాయల చెరువును చూచి పెరిగిన పిల్లలకు చెరువుకంటె దగ్గరి వస్తువేది? కావున చెరువును నిలువునా కోసినట్లు ఒక బొమ్మ గీయింప దలచితిని. అది నిజమైన చెరువు గాదు, మేము కల్పించుకొన్నది. కట్ట ఎత్తు 20 అడుగులు, మరువ ఎత్తు 16 అడుగులు, తూము గడప 3 అడుగులు. ఈ మూడు కొలతలకు నేను తొందరలో హెచ్ ఒకటి, హెచ్ రెండు, హెచ్ మూడు అని పేర్లు పెట్టి, నలుబది పంక్తుల ప్రోగ్రామును వ్రాసితిని. బొమ్మ వచ్చినది. నీలిరంగు నీరు, ఎర్రమట్టి కట్ట, చూడ ముచ్చటగా నున్నది. కాగితముమీద అచ్చు తీసి గోడకు అంటించితిమి.

ఒక పిల్లవాని తాత దానిని చాలసేపు చూచి, "ఏమప్పా, నీళ్లు కట్ట తలకాయ దాకా ఉండాయే, మరువ ఏమైనట్టు?" అని యడిగెను. నేను తెల్లబోతిని. చెరువు నిండినప్పుడు నీరు మరువ మట్టమున పొర్లి పోవలెను. మరువకును కట్టకును నడుమ నాలుగడుగుల ఎడముండుట అలలు కట్టను దాటకుండుటకే. మట్టికట్టమీదుగా నీరు దొరలినచో ఆ కట్ట నిలువదు, గండి పడును. బుక్కరాయసముద్రపు ముసలమ్మ కథ వినిన ఈ ప్రాంతపువారికి గండి యన నేమో ఒకరు చెప్పనక్కరలేదు. నేను నీటిని 16 అడుగులకు నిలుపుటకు మారుగా 20 అడుగులకు నిలిపితిని.

ఆ వృద్ధుడు చదువుకొన్నవాడు. "ఆ రాసిన కాగితం ఇట్లియ్యి" అని ప్రోగ్రామును తీసికొని, కన్నద్దములు సవరించుకొని, "ఇందులో మరువ యాడుంది?" అని యడిగెను. నిజము చెప్పవలెనన్న, నాకును వెంటనే తెలియలేదు. హెచ్ రెండు మరువయో, హెచ్ మూడు మరువయో నేనే మరచితిని. పది నిమిషములు వెదకిన పిమ్మట ఒక పంక్తిలో హెచ్ రెండు ఉండవలసిన చోట హెచ్ ఒకటి వ్రాసియుంటినని తెలిసినది. కంప్యూటరునకు రెండును ఒక్కటియే. అది చెప్పినట్లు గీసినది. దానికి మరువ తెలియదు, గండి తెలియదు.

ఇక విషయమునకు వత్తము. కంప్యూటరునకు మనమిచ్చు ఆజ్ఞల పట్టికయే ప్రోగ్రాము. ఆ ఆజ్ఞలు వ్రాయు భాషలలో పైథాను ఒకటి. ఆ మాటకు ఇంగ్లీషున కొండచిలువ యని యర్థమున్నను, భాషకు ఆ పేరు వచ్చినది పామువలన గాదు. హాలండు దేశీయుడైన గీడో వాన్ రోసమ్ తాను ఇష్టపడిన ఒక హాస్య నాటకబృందము పేరును దీనికి పెట్టి, 1991లో లోకమునకు విడుదల చేసెను. పేరు చూచి వస్తువును ఊహించుట అన్నివేళల సాగదనుటకు ఇదియే మొదటి నిదర్శనము. ఒక పనికి కావలసిన ఆజ్ఞలన్నియు ముందే సిద్ధముచేసి ఒకచోట కూర్చియుంచిన దానిని లైబ్రరీ యందురు. వడ్రంగి తన ఉలి, బాడిస, చిత్రిక లన్నియు ఒక పెట్టెలో పెట్టుకొనినట్లు. పెట్టెలోని పనిముట్లకు పేర్లుండవలెను గదా. ఆ పేర్లే ఇప్పటి మన ప్రసంగవస్తువు.

మేము వాడిన లైబ్రరీ పేరు టర్టిల్, అనగా తాబేలు. దీని వంశము ప్రాచీనమైనది. 1967లో అమెరికాలో వాలీ ఫ్యూర్జిగ్, సీమోర్ పేపర్ట్, సింథియా సాలొమన్ అనువారు పిల్లలకొరకు లోగో అను భాషను కల్పించిరి. తరువాత దానికి ఒక తాబేలు వచ్చి చేరినది. కలము పట్టుకొన్న తాబేలు తెరమీద నున్నదనుకొనుడు. "ముందుకు నూరు" అనినచో నూరు మెట్లు నడచి గీత గీయును; "ఎడమకు తొంబది" అనినచో నిలిచినచోటనే తొంబది డిగ్రీలు మరలును. నడచి, మరలి, నడచి, మరలి అది చతురశ్రమును, నక్షత్రమును, చెరువుకట్టను గూడ గీయగలదు. కోణమనగా నేమో నల్లబల్లమీద చెప్పినపుడు తలకెక్కని బాలుడు, తానే తాబేలై తిరిగి చూచినపుడు గ్రహించును. ఈ తాబేలును పైథానునందు నేటి రూపమున నిలిపినవాడు గ్రెగర్ లింగ్ల్ అను ఆస్ట్రియా దేశీయుడు; 2008లో వెలువడిన పైథాను 2.6లో ఆయన కూర్పు చేరినది.

ఇపుడు తాబేటి పేర్లు చూడుడు. ముందుకు నడచుటకు "ఫార్వర్డ్" అను పేరు కలదు; దానికే పొట్టిగా ఎఫ్, డి అను రెండక్షరముల పేరును కలదు. ఒక చోటికి పొమ్మనుటకు "గోటూ" అనవచ్చును, "సెట్ పోస్" అనవచ్చును, "సెట్ పొజిషన్" అనవచ్చును. కలమును పైకెత్తుటకు "పెన్ అప్" అనియు, పి, యు అను రెండక్షరములనియు, ఊరక "అప్" అనియు మూడు పేర్లు. ఒకే మనిషిని తల్లి ఒక పేరున, బడిలో ఒక పేరున, ఊరివారు ఒక పేరున పిలిచినట్లు. లోగో నేర్చివచ్చిన వారికి పాత పేర్లు కావలెను, క్రొత్తగా నేర్చువారికి తెలిసిన మాటలు కావలెను. ఇరువురిని నొప్పింపలేక అన్నియు నుంచిరి.

దీనికంటె చిక్కైన సంగతి ఇంకొకటి కలదు. "పెన్ అప్", "ఫిల్ కలర్" వంటివానిలో రెండు మాటలను నడుమ ఎడము లేక అంటించి వ్రాయవలెను. కాని రంగు నింపుట ప్రారంభింపుమనెడి "బిగిన్ ఫిల్" అను ఆజ్ఞలో రెండు మాటల నడుమ అడుగున ఒక చిన్న గీత పెట్టవలెను. ఒకే పెట్టెలోని రెండు పనిముట్లకు రెండు విధముల వ్రాత. ఏది అంటించి వ్రాయవలెనో, ఏది గీతతో వ్రాయవలెనో ఊహచే తెలియదు, కంఠస్థము చేయవలసినదే. అంటించినవి లోగో కాలపు సంప్రదాయము. గీతపెట్టినవి పైథాను సంప్రదాయము. పిల్లలు అలసి, "ఇట్లెందుకు పెట్టినారు సార్?" అని అడిగిరి. పాత ఇంటికి క్రొత్త గది కట్టినపుడు గడపలు సమముగా నుండవు గదా యని చెప్పితిని. వారికి తృప్తి కలుగలేదు; నాకును కలుగలేదు.

ఈ గందరగోళమును తగ్గించుటకే 2001లో గీడో వాన్ రోసమ్, బారీ వార్సా మొదలగువారు పైథాను వ్రాతకు ఒక మర్యాదాపత్రమును ప్రకటించిరి. పైథానువారి ప్రతిపాదనలలో అది ఎనిమిదవది గనుక పెప్ ఎనిమిది యని దానికి వ్యవహారము. అది శాసనము గాదు. దానిని మీరినను కంప్యూటరు పని మానదు. మన ఊళ్ల పేర్లవలెనే అది కట్టుబాటు మాత్రమే. పనిచేయు ఆజ్ఞలకు చిన్నక్షరములతో, మాటల నడుమ అడుగుగీతతో పేరు పెట్టవలెను. వస్తుజాతికి పేరు పెట్టునపుడు ప్రతి మాటకు మొదట పెద్దక్షరముండవలెను. ఎన్నడును మారని కొలతకు అన్నియు పెద్దక్షరములే. కావున చిన్న "టి"తో మొదలగు టర్టిల్ అనగా పనిముట్ల పెట్టె. పెద్ద "టి"తో మొదలగు టర్టిల్ అనగా ఆ పెట్టెనుండి పుట్టు తాబేలుజాతి. అక్షరము మారినచో అర్థము మారును. పేరుకు మొదటనే అడుగుగీత యున్నచో అది ఇంటిలోపలి వ్యవహారమని గుర్తు; పరులు దానిని ముట్టరాదు. వంటయింటి గడప దాటరాదని అతిథికి ఎవరును వ్రాసి చూపరు, ఐనను అతడెరుగును.

తాబేటి పెట్టెలో ఈ మర్యాద తప్పినచోటు ఒకటి కలదు. "స్క్రీన్" అను పేరు పెద్దక్షరముతో మొదలగును. చూచినవాడు అది జాతిపేరని తలచును. కాని అది ఆజ్ఞయే. అసలు జాతి అడుగుగీత ముసుగుతో లోపల కూర్చున్నది. ఉన్న తెర ఒక్కటే గనుక ఎన్ని మారులు పిలిచినను అదే తెరను తెచ్చి యిచ్చుటకు ఇట్లు చేసిరి. ఉద్దేశము మంచిదే, వేషము మాత్రము వేరు.

పంక్తుల అమరిక గూడ ఈ మర్యాదలలో భాగము. పంక్తి 79 అక్షరములకు మించరాదందురు. రెండు పత్రములు ప్రక్కప్రక్కన తెరచి చదువుటకు అనుకూలము. ఒక ఆజ్ఞకు లోబడిన పంక్తులను నాలుగు ఎడములు లోపలికి జరిపి వ్రాయవలెను. కరణముగారు లెక్కలో పెద్దపద్దు క్రింద చిల్లరపద్దులను లోపలికి జరిపి వ్రాసెడివారు గదా, అట్లే. ఐతే పైథానునందు ఇది అలంకారము గాదు, వ్యాకరణమే. "నాలుగు మారులు చేయుము" అని పై పంక్తి. దాని క్రింద "ముందుకు నూరు", "ఎడమకు తొంబది" అను రెండు పంక్తులను లోపలికి జరిపినచో చతురశ్రము వచ్చును. రెండవదానిని జరుపుట మరచినచో, తాబేలు నాలుగు నూరులు తిన్నగా పోయి, ఆ చివర ఒక్కమారు మరలి నిలుచును. చతురశ్రము పోయి నాలుగువందల మెట్ల గీత మిగులును. ఎడము ఎన్ని యుండవలెనన్నది మర్యాద. ఎడముండవలెనన్నది మాత్రము శాసనము.

ఇక ఇంటిపేరు సంగతి. మన యిండ్లలో తాత పేరు మనుమనికి పెట్టుట ఆచారము. ఒకే యింట ఇద్దరు నారాయణప్పలున్నచో పెద్ద నారాయణప్ప, చిన్న నారాయణప్ప యని పిలుతుము. రెండిండ్లవారైనచో ఇంటిపేరు చేర్తుము. పైథానునందు అట్లే "టర్టిల్" అని ఇంటిపేరు చెప్పి, చుక్క పెట్టి, "లెఫ్ట్" అనుట ఉత్తమము. కాని సోమరితనమున నక్షత్రపు గుర్తొకటి పెట్టి, పెట్టెలోని పేర్లన్నిటిని ఇంటిపేరు లేకుండ ఒక్కసారి లోనికి పిలుచు పద్ధతియు కలదు. పిల్లల పుస్తకములనేకములు దీనినే నేర్పుచున్నవి. నూరుకు మించిన పేర్లు గుంపుగా వచ్చి యింట కూర్చుండును. వచ్చినవారెవరో యజమానునికే తెలియదు. ఒక బాలిక ఎడమవైపు కొలతకు "లెఫ్ట్" అని పేరు పెట్టి నలుబది యని వ్రాసినది. ఆ క్షణముననే తాబేటి లెఫ్ట్ మరుగున పడినది. తరువాత "లెఫ్ట్ తొంబది" యని ఆజ్ఞాపింపగా కంప్యూటరు, ఇది సంఖ్య, దీనిని పిలువరాదని మొరాయించినది. పాపము, ఆ బాలిక తన తాబేలు చచ్చినదనుకొన్నది.

ఇంకొక బాలుని తప్పు ఇంతకంటె వినోదమైనది. అతడు తాను వ్రాసిన పత్రమునకే "టర్టిల్" అని పేరు పెట్టి దాచుకొన్నాడు. పైథాను ఒక లైబ్రరీని పిలుచునపుడు మొదట ఆ ప్రోగ్రామున్న యింటిలోనే వెదకి, పిమ్మట వెలుపల వెదకును. ఇతని యింటిలోనే టర్టిల్ అను పేరుగలది దొరకినది. అది అతడు వ్రాసినదే! తన్ను తానే పిలుచుకొని, తనలో లేని ఆజ్ఞను తననే యడిగి, లేదని యేడ్చినది. ఈ పొరపాటు లోకమంతట నెంత సాధారణమనగా, 2024లో వచ్చిన పైథాను 3.13, ఇట్టి యెడల "నీ పత్రము పేరు లైబ్రరీ పేరుతో కలియుచున్నది, మార్చుకొనుము" అని తానే సూచించుచున్నది.

పెట్టిన పేరు తప్పని తెలిసినచో మార్చరాదా? ఇక్కడనే పెద్దరికము కావలెను. ఒక పేరును లోకమందు లక్షలమంది తమ ప్రోగ్రాములలో వ్రాసికొనిన పిమ్మట దానిని ఒక్కనాడు చెరిపినచో అవి యన్నియు కూలును. మర్యాదాపత్రము గూడ, ఈ నియమములకొరకు పాతవానిని పగులగొట్టవలదనియే చెప్పుచున్నది. తాబేటి బొమ్మను ఒరగించుటకు "సెట్ టిల్ట్ యాంగిల్" అను ఆజ్ఞ యుండెడిది. 2009 నాటి 3.1 కూర్పులోనే దీనిని వాడవలదని పుస్తకమున వ్రాసిరి. 2022లో వచ్చిన 3.11 నుండి దానిని పిలిచినవారికి కంప్యూటరే హెచ్చరిక చేయజొచ్చినది. 2024లో, 3.13లో తీసివేసిరి. పదునైదేండ్ల దండోరా! "టిల్ట్ యాంగిల్" అను పొట్టిపేరే రెండు పనులను చేయుచున్నది. మన చెరువు క్రింద ఒక కాలువను మూయుటకు ఇంత గడువిచ్చిన పెద్దమనుష్యులు ఎందరో లెక్కింపవచ్చును.

వర్షపాతపు పటములు గీయుటకు మాట్ ప్లాట్ లిబ్ అను మరియొక లైబ్రరీని ఎక్కువగా వాడుదురు. మెదడు రోగులనుండి తీసిన విద్యుత్ గీతలను చూచుటకు జాన్ హంటర్ అనునతడు దీనిని ప్రారంభించి 2003లో విడుదల చేసెను. ఆయన 2012లో పరమపదించెను. అప్పటికి శాస్త్రజ్ఞులు అలవాటుపడిన మాట్ లాబ్ అను వేరొకదాని ఆజ్ఞలను ఆయన అనుకరించెను. దానివలన జనము సులభముగా వచ్చి చేరిరి. పేర్ల చిక్కును వెంటవచ్చినది. "యాక్సిస్" అనగా పటమునకు అంచున నుండు కొలబద్ద. "యాక్సీస్" అనగా బొమ్మ గీయు క్షేత్రమంతయు. ఒక్క అక్షరపు భేదము. "చేను" అనుటకును "చేనిగట్టు" అనుటకును నడుమ ఒక్క అక్షరమే తేడా యున్నచో ఎన్ని తగవులు వచ్చునో ఊహింపుడు.

రంగును గూర్చి ఒక మాట. మన బడులలో ఇంగ్లండువారి పద్ధతిని కలర్ అను మాటలో "యు" అక్షరమును చేర్చి వ్రాయుట నేర్పుదురు. ఈ లైబ్రరీలలో అమెరికావారి పద్ధతిని "యు" లేకుండ వ్రాయవలెను. మాష్టారు నేర్పినట్లు సరిగా వ్రాసిన పిల్లవానికే తప్పు తగులును! గ్రే అను బూడిదవర్ణమునకు మాత్రము మాట్ ప్లాట్ లిబ్ రెండు వ్రాతలను అంగీకరించును. అంత దయ కలర్ నకు కూడ చూపియుండవచ్చును.

పిల్లల చెరువుబొమ్మకు తిరిగి వత్తును. నీరుగంటి తాత ప్రశ్న నన్ను వదలలేదు. ఇందులో మరువ ఏది? ఇంగ్లీషున మరువకును, తూమునకును మాటలున్నవి; కాని ఆ మాటలు పిల్లలకు తెలియవు, నీరుగంటికి అసలే తెలియవు. మరి తెలుగుననే పేరు పెట్టరాదా? పెట్టవచ్చును. మార్టిన్ ఫన్ లోవిస్ అను జర్మనుడు 2007లో చేసిన ప్రతిపాదనను అనుసరించి, 2008 డిసెంబరులో వెలువడిన పైథాను 3 మొదలు లోకమందలి లిపులతో పేర్లు వ్రాయుట చెల్లును. ఆజ్ఞాభాషలోని మూలపదములు ఇంగ్లీషుననే యుండును. లైబ్రరీవారి పేర్లు వారివే. మన వస్తువులకు మన పేర్లు. పైథానుతో వచ్చు లైబ్రరీలలో ఇంగ్లీషు అక్షరములే యుండవలెనని మర్యాదాపత్రము చెప్పుచున్నది. వివరణలు గూడ, మీ భాష రానివారెవ్వరును చదువరని నూటికి 120 పాళ్లు నమ్మకమున్నగాని ఇంగ్లీషుననే వ్రాయుడని వారి హితవు. లోకమంతయు చదువవలసిన దానికి అది న్యాయమే. కాని ఈ చెరువుబొమ్మను చదువవలసినవాడు శింగనమల నీరుగంటి. ఇక్కడ నేను తాత పక్షము.

తెలుగున వ్రాయగా క్రొత్త సంగతులు బయలుపడినవి. మన లిపిలో పెద్దక్షరములు, చిన్నక్షరములు లేవు. కావున జాతికి ఒకటి, పనికి ఒకటి, మారని కొలతకు ఒకటి యను పెప్ ఎనిమిది భేదమును తెలుగున చూపు దారి లేదు. మేము వ్యాకరణమును ఆశ్రయించితిమి: పనికి "కట్ట_గీయుము" అని క్రియ, వస్తువునకు "కట్ట_ఎత్తు" అని నామము. ఇది మా గుంపు కట్టుబాటు మాత్రమే, ఇతరులకు వేరొకటి తోచవచ్చును.

రెండవది ఒక కనబడని శత్రువు. ఒక బాలుడు తూము తలుపు మట్టమునకు "గేట్‌లెవెల్" అని పేరు పెట్టగా కంప్యూటరు త్రోసిపుచ్చినది. అక్షరములన్నియు సరిగానే యున్నవి, పదిమారులు చూచితిమి. కారణమేమనగా, తెలుగు టైపు చేయునపుడు "ట్" అను పొల్లు తరువాతి "లె"తో కలిసి "ట్లె" కాకుండ ఆపుటకు నడుమ కంటికి కనబడని అక్షరమొకటి చేరును. చదువరికి అది మేలు; పైథాను మాత్రము పేరులో దానిని సహింపదు. అపుడు తోచినది: మన భాష అజంతము గదా! మాట చివర అచ్చు చేర్చి పలుకుట మన సహజము. "గేటు_లెవెలు" అని వ్రాసినంత పొల్లును పోయినది, శత్రువును పోయినది. తరువాత బాలుడే అది తీసివేసి "తూము_గడప" అని వ్రాసెను. మూడడుగుల కొలత దానికే యిచ్చితిమి.

క్రొత్త ప్రోగ్రామును అచ్చు తీసి తాతకు ఇచ్చితిమి. బొమ్మ ఇంకను గీయలేదు, వ్రాత మాత్రమే. ఆయన వ్రేలు పెట్టి పంక్తి పంక్తి చదివెను. మూలపదములను మనుమడు చదివి యర్థము చెప్పుచుండెను. "నీటి_మట్టము" అను పేరునకు ఎదురుగా "మరువ_ఎత్తు" అని యుండుట చూచి, "ఆ, ఇప్పుడు సరి" అని తలయూపెను. కట్ట గీయు పంక్తులు దాటి, రంగు నింపు పంక్తులు దాటి, తుదకు తూము గడపయొద్ద వ్రేలు నిలిపి అడిగెను: "తూము గడప కిందుండే నీళ్లు కాలువకు పారవు గదప్పా. దానికి పేరు పెట్టలేదే?"

మేమెవ్వరమును దానిని తలంపలేదు. మూడడుగుల నీరు, పైరులకు అందదు. ఎండలు ముదిరి తూము ఎండిపోయిన పిమ్మట చెరువు నడుమ మిగులునది అదియే. ఏమని పేరు పెట్టుద మని మనుమడు అడిగెను. "పసుల నీళ్లంటాము మేము" అని తాత చెప్పెను. బాలుడు కూర్చుండి, "పసుల_నీళ్లు" అని టైపు చేసి, ఎదురుగా "తూము_గడప" అని వ్రాసి, ఆ భాగమునకు ముదురు నీలిరంగు పెట్టెను.